కమ్మీ లేని చోట భయం: చెన్నైలో ఒక సెంట్రింగ్ కార్మికుడి కేసు

ఈ కేసు రాయడానికి భార్యాభర్తలిద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. పేర్లు రాయలేదు. ఊరు, సైటు ఉన్న పేట, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. ఏది తర్వాత ఏది జరిగిందో, నేనెక్కడ తప్పు చేశానో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వలస కూలీలతో పనిచేసే తెలుగు కౌన్సెలర్లకూ డాక్టర్లకూ నా తప్పులే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. చెన్నైలో పోరూరు దాటాక ఒక చిన్న ధర్మాసుపత్రిలో వారానికి మూడు రోజులు పనిచేస్తాను. మా తాత నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మాది మదరాసు తెలుగు. ఆసుపత్రిలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆంధ్రా నుంచి ఎవరొచ్చినా, కాలు నొప్పితో వచ్చినా సరే, ముందు నా గది చూపిస్తారు.

మేస్త్రీ చెప్పిన జబ్బు

2023 నవంబరు మూడో వారం. బయట వాన. వచ్చిన మనిషికి 34 ఏళ్లు, విజయనగరం జిల్లాలో పల్లెటూరు, సెంట్రింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే పని. పక్కన మేస్త్రీ కూర్చున్నాడు. భార్య గుమ్మం దాటి లోపలికి రాకుండా నిలబడింది. జనరల్ డాక్టరు రాసిన చీటీలో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, చేతుల తిమ్మిరి, నిద్ర పట్టకపోవడం అని ఉంది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ మామూలే. నాలుగు నెలల్లో మూడు ఆసుపత్రులు తిరిగారు. 18,000 ఖర్చయింది. ఆ డబ్బు మేస్త్రీ పెట్టాడు, పెట్టి ఇతని ఖాతాలో రాసుకున్నాడు.

నేను ఏది అడిగినా జవాబు మేస్త్రీ నుంచే వస్తోంది. "గ్యాస్ మేడం. టైముకి తినడు. రాత్రయితే క్వార్టర్ పడాల్సిందే. రెండు నిద్ర మాత్రలు రాసిస్తే సర్దుకుంటాడు. శుక్రవారం మాకు స్లాబు ఉంది."

మూడు ఆసుపత్రుల్లోనూ ఇదే జరిగింది. డాక్టరు తమిళంలో అడిగారు, మేస్త్రీ తమిళంలో చెప్పాడు. రోగి మాట డాక్టరు చెవిన పడనే లేదు. మేస్త్రీది చెడ్డబుద్ధి అని నేననను. ఆయన మీద స్లాబు తేదీ ఉంది, ఆ పైన సబ్ కాంట్రాక్టరు ఉన్నాడు. కానీ కూలి లెక్క ఎవరి చేతిలో ఉందో ఆ మనిషే రోగి తరఫున మాట్లాడుతుంటే డాక్టరుకి గ్యాస్ తప్ప ఇంకేం వినిపిస్తుంది? బయట టీ కొట్టులో ఓ అరగంట కూర్చోండని ఆయన్ని మర్యాదగా పంపేశాను.

తలుపు మూశాక కూడా అతను చాలాసేపు తలుపు వైపే చూశాడు. తర్వాత "సప్పుడండి" అన్నాడు. ఏం చప్పుడని అడిగాను. "సారవ సప్పుడు." నాకు ఆ మాట తెలియదు. రోగి ఎదుట తెలియదని ఒప్పుకోవడానికి మనకు కాస్త మొహమాటం ఉంటుంది. అయినా అడిగాను. చేతులతో గాలిలో కర్రలు నిలబెట్టి, అడ్డంగా కట్టి చూపించాడు. మేం మదరాసులో సారం అంటాం, అదే. భవనం చుట్టూ కట్టే కర్రల చట్రం. ఆ మాట ఒక్కటి తెలిశాక మిగిలిందంతా అతనే చెప్పాడు.

జులైలో అతని బామ్మర్ది, 22 ఏళ్ల కుర్రాడు, ఆరో అంతస్తు దగ్గర సారవ పలక జారి పడిపోయాడు. ఇతను రెండు బారల దూరంలో మేకులు కొడుతున్నాడు. ముందు కర్ర విరిగిన చప్పుడు, తర్వాత ఏమీ వినపడలేదు, తర్వాత కింద నుంచి కేక. ఆ కేక తన భార్యది. ఆవిడ కింద ఇసుక మోస్తోంది.

"ఆడ్ని నానే తెచ్చినానండి. సంకురాత్రికి ఊరెల్తే, బావా నానూ ఒత్తానన్నాడు. నానే టికెట్టు తీసినాను."

శవాన్ని అంబులెన్సులో 800 కిలోమీటర్లకు పైగా తీసుకెళ్లారు. కార్యాలు అయిన నాలుగో రోజున తిరిగి సైటుకి వచ్చేశారు.

సైటులో బతుకు

చదువుకునే రోజుల్లో మాకు కేసు హిస్టరీలో 'వృత్తి' అని ఒక గడి ఉండేది. అందులో ఒక్క మాట రాసి కింది గడికి వెళ్లిపోయేవాళ్లం. ఈ కేసులో ఆ గడి నింపడానికి నాకు మూడు వారాలు పట్టింది. జబ్బు సగం అందులోనే ఉంది.

గుంపులో 14 మంది, నాలుగు ఊళ్ల వాళ్లు. సంక్రాంతి వెళ్లగానే మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సులు ఇస్తాడు. వీళ్లు తీసుకున్నది 40,000. ఇంటి రేకులు మార్చారు, అత్తగారికి కంటి ఆపరేషన్ చేయించారు. రోజు కూలి మాట అనుకున్నది అతనికి 900, ఆవిడకు 550. కానీ కూలి చేతికి రాదు. శనివారం ఇద్దరికీ కలిపి 3,000 ఖర్చు డబ్బులు ఇస్తారు. నెలకోసారి ఊళ్లో పిల్లల దగ్గరికి 10,000 పంపుతారు. మిగిలింది మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, పండక్కి లెక్క చూస్తారు. ఆ పుస్తకం వీళ్లు ఎన్నడూ చదవలేదు. అప్పు ఇంకా తీరలేదని మాత్రం ఇద్దరికీ గట్టి నమ్మకం.

జులై తర్వాత అతను పైకెక్కలేకపోయాడు. రెండో అంతస్తు దాటితే కాళ్లు వణికి కూర్చుండిపోయేవాడు. అందుకని కింద హెల్పరు పనికి మార్చారు. కూలి 900 నుంచి 600 అయింది. మనసు బాగోలేక పని తగ్గింది, పని తగ్గినందుకు కూలి తగ్గింది, ఆసుపత్రి ఖర్చు అప్పులో చేరింది. నిద్ర ఎందుకు పట్టదో ఇక వేరే వెతకక్కర్లేదు.

పడుకునే చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సైటు వెనకాల రేకుల షెడ్లు, పదడుగుల గదిలో ఇద్దరు దంపతులు, మధ్యలో చీర తెర. వాన పడితే నీళ్లొస్తాయి. అప్పుడు అందరూ కడుతున్న బిల్డింగు గ్రౌండ్ ఫ్లోర్‌లోకి, స్లాబుకు ఊతంగా నిలబెట్టిన జాకీల మధ్యలోకి వెళ్లి పడుకుంటారు. ఇతను మాత్రం వెళ్లడు. బయట ఇసుక కుప్ప పక్కన టార్పాలిన్ కప్పుకుని కూర్చుంటాడు. నేను దాన్ని నోట్సులో 'తప్పించుకునే ప్రవర్తన' అని రాసుకున్నాను.

డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వచ్చి చెన్నై మునిగింది. ఆ రెండు రాత్రులూ అతను మెట్ల మొదట్లో, బయటికి దూకడానికి వీలుగా కూర్చున్నాడని తర్వాత భార్య చెప్పింది. అప్పుడడిగాను, అంత భయం ఎప్పటి నుంచి అని. ఈ జులై నుంచి అంటాడనుకున్నాను. "మౌలివాక్కం కాణ్ణుంచండి" అన్నాడు.

2014 జూన్ 28, శనివారం సాయంత్రం. పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు. దాని పక్కనున్న రెండో భవనాన్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. మేం పోరూరు వాళ్లం దాన్ని మేడల మీద నుంచి చూశాం. ఇతనికి 2014లో పాతికేళ్లు. మూడు కిలోమీటర్ల దూరంలో వేరే సైటులో ఉన్నాడు. తమ వైపు వాళ్లెవరైనా ఉన్నారేమోనని ఆ రాత్రి పరిగెత్తి, మూడు రోజులు తాడు అవతల నిలబడ్డాడు. పక్క ఊరి మనిషి చెప్పులు గుర్తుపట్టాడు. అంటే బామ్మర్ది చావు ఇతనికి మొదటి దెబ్బ కాదు. మా ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో జరిగిన సంగతి, ఆ జిల్లా మనిషి ఎదురుగా కూర్చుంటే నేను మొదటి రోజే అడగాల్సింది.

చట్టాల సంగతి ఎక్కువ రాయను. రాష్ట్రం దాటి వచ్చే కూలీల కోసం 1979లో, భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టాలు అప్పటికి అమల్లోనే ఉన్నాయి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లెవరైనా కార్మికుడిగా నమోదు చేయించుకోవచ్చు. ఇతను పన్నెండేళ్లుగా చెన్నైలో అదే పని చేస్తున్నాడు. కార్డు లేదు. అలాంటిది ఒకటుందని కూడా తెలియదు.

కొలతలు

డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 17 వచ్చింది. ఘోరమైన ఘటన చూశాక అదే మళ్లీ మళ్లీ కళ్ల ముందు తిరిగే జబ్బు పీటీఎస్‌డీ, దాన్ని కొలిచే పీసీఎల్-5లో 80కి 52. తాగుడు రోజూ 180 మిల్లీలీటర్లు, నాలుగు నెలలుగా. అంతకు ముందు పండగలకే. పొద్దున చేతులు వణకడం లేదు. మా సైకియాట్రిస్టు, నేను కలిసి రాసిన నిర్ధారణ పీటీఎస్‌డీ, దాంతోపాటు డిప్రెషన్, హాని చేసే స్థాయిలో తాగుడు.

ఆ 17 నిజానికి ఇంకా ఎక్కువ ఉండాలి. 'పనుల మీద ఆసక్తి తగ్గిందా' అని అడిగితే "పని సెయ్యకపోతే ఎలాగండి?" అన్నాడు. సున్నా వేయాల్సి వచ్చింది. నెల జీతం వాళ్లకు తయారైన ప్రశ్న అది. రోజు కూలి మనిషి ఎంత కుంగిపోయినా పొద్దున ఎనిమిదికల్లా పనిలో నిలబడతాడు, నిలబడకపోతే తిండి లేదు. అతను పనికి వెళ్తున్నాడు కాబట్టి ఫరవాలేదు అని రాసిన కేసు షీట్లు నేను ఎన్నో చూశాను. ఇప్పుడు ఆ ప్రశ్న ఇలా అడుగుతున్నాను: పని అయ్యాక నలుగురూ కూర్చున్న చోట మీరూ కూర్చుంటున్నారా? పిల్లలు ఫోను చేస్తే మాట్లాడుతున్నారా? ఇతను రెండు నెలలుగా పిల్లల ఫోను ఎత్తడం లేదు.

రెండో సెషన్‌లో చావు గురించి సూటిగా అడిగాను. "నాను పోతే ఈళ్లకి రెండు లచ్చలొత్తాయి కదండి" అన్నాడు. వెంటనే భార్యను లోపలికి పిలిచి ముగ్గురం కలిసి జాగ్రత్తలు రాసుకున్నాం. రాత్రి ఒంటరిగా ఉండకూడదు, పై అంతస్తు పని వద్దు, మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఇస్తాం, అవీ ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆ ఆలోచన వస్తే ముందు ఆవిడకి చెప్పాలి, తర్వాత నాకు. నేను దొరకకపోతే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి ఉన్న ప్రభుత్వ సేవ అది, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. అతని ఫోనులో నేనే ఎక్కించాను. ఇదంతా సరిగానే చేశాను. కానీ ఆ రెండు లక్షల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అడగలేదు.

మాత్రలు, టైము, ఫోను

డిప్రెషన్‌కీ పీటీఎస్‌డీకీ ఇచ్చే సెర్ట్రలిన్ మాత్ర 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెల తర్వాత 100కి పెంచారు. మేస్త్రీ అడిగిన నిద్ర మాత్రలు రాయలేదు. తాగే అలవాటున్న మనిషికి అవి ప్రమాదం, పైగా మత్తు వదలని తలతో పొద్దున నిచ్చెన ఎక్కే మనిషికి మరీ ప్రమాదం. నిర్మాణ కార్మికుడికి ఏ మాత్ర రాస్తున్నా రేపు ఎంత ఎత్తున నిలబడతారని అడగడం ఇప్పుడు మా ఆసుపత్రిలో అలవాటు చేసుకున్నాం.

మా ఓపీ పొద్దున తొమ్మిది నుంచి ఒంటి గంట. అతను ఆ టైములో వస్తే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చిన భార్యది కూడా. ఉచిత వైద్యం అంటున్నాం గానీ వాళ్లకది 1,150 రూపాయల సెషన్. అందుకని నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం నేను గది తెరిచాను, మిగతా వారాలు రాత్రి తొమ్మిదికి ఫోనులో ఇరవై నిమిషాలు. షెడ్డులో మాట్లాడితే చీర తెర అవతలి వాళ్లకు వినిపిస్తుంది కాబట్టి నడుచుకుంటూ బస్టాపు దాకా వెళ్లేవాడు. చాలా సెషన్లు లారీల హారన్ల మధ్యే నడిచాయి.

ఆ సెషన్లలో నేర్పినవి ఇవి: నిద్ర వేళలు, తాగుడు తగ్గించుకునే లెక్క, ఊపిరి మీద ధ్యాస, చప్పుడు విన్నప్పుడు కాళ్ల కింద నేలను గట్టిగా తొక్కి చుట్టూ ఉన్నవి పేరుపేరునా చెప్పుకోవడం. ఆరు వారాల్లో నిద్ర రెండు గంటల నుంచి నాలుగున్నరకు వచ్చింది. క్వార్టర్ వారానికి మూడు రాత్రులకు తగ్గింది.

నా నిచ్చెన

డిసెంబరు చివర్లో ఎక్స్‌పోజర్ మొదలుపెట్టాను. భయపడే చోటికి మెట్టు మెట్టుగా వెళ్లి, భయం తగ్గేదాకా అక్కడే ఉండే పద్ధతి. పీటీఎస్‌డీకి బాగా పనిచేస్తుందని తేలిన చికిత్స. కాగితం మీద పది మెట్ల నిచ్చెన గీశాం. మొదటి మెట్టు ఒకటో అంతస్తులో పది నిమిషాలు. పదో మెట్టు ఆరో అంతస్తు అంచు.

అతను బుద్ధిమంతుడైన విద్యార్థిలా చేశాడు. రెండు వారాల్లో నాలుగో అంతస్తు ఎక్కాడు. మేస్త్రీ నాకు ఫోను చేసి మరీ ధన్యవాదాలు చెప్పాడు. మనిషి మళ్లీ పనిలో పడ్డాడు, కూలి 900 చేశామన్నాడు. నేను నోట్సులో 'మంచి పురోగతి' అని రాశాను.

సంక్రాంతికి వాళ్లు ఊరెళ్లలేదు. అత్తగారి ముఖం చూడలేనన్నాడు. ఆ వారంలో మా సోషల్ వర్కరూ నేనూ ఉచిత బీపీ పరీక్షల పేరుతో సైటుకి వెళ్లాం. నేను సెషన్లలో అన్నిసార్లు విన్న సైటు అప్పుడే మొదటిసారి చూశాను. సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్లు, నడవడానికి రెండు పలకలు. స్లాబు అంచున పట్టుకోవడానికి ఏమీ లేదు. లిఫ్టు గుంత మీద ప్లైవుడ్ ముక్క. కుర్రాడు పడిపోయిన చోట అడ్డంగా ఒక తాడు కట్టారు, అంతే. సేఫ్టీ బెల్టులు స్టోరు గదిలో కొత్తగా వేలాడుతున్నాయి. ఎవరైనా చూడ్డానికి వచ్చిన రోజున ఇస్తారట. కట్టుకున్నా దాని కొక్కెం తగిలించడానికి చోటు లేదు.

నేను నాలుగో అంతస్తులోనే ఆగిపోయాను. నా కాళ్లే వణికాయి.

ఎక్స్‌పోజర్ ఎప్పుడు పనికొస్తుంది? ప్రమాదం అయిపోయి, అయిపోయిందన్న సంగతి ఒంటికి ఇంకా తెలియనప్పుడు. ఇక్కడ ప్రమాదం అయిపోలేదు. అతన్ని ప్రాణాలతో ఉంచుతున్న భయాన్ని నేను వారం వారం కొంచెం కొంచెంగా తీసేస్తున్నాను, ఆ తీసేసిన మేరకు అతను పైకెక్కుతున్నాడు. ఆ రాత్రే ఫోను చేసి రేపటి నుంచి పైకెక్కొద్దని చెప్పాను. "మీరెక్కమన్నారని ఎక్కినానండి" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదని చెప్పాను.

తర్వాతి ఆదివారం పాత నిచ్చెన కాగితం చించేసి, కొత్త కాగితాన్ని మధ్యకు మడిచాం. ఎడమ వైపు 'అయిపోయింది', కుడి వైపు 'ఇంకా ఉంది'. ఒక్కో భయాన్నీ ఏ వైపు వేయాలో అతనే చెప్పాడు. కల, కర్ర విరిగిన చప్పుడు, కుర్రాడి నీలం టీ షర్టు లాంటిది ఎక్కడైనా కనపడితే వచ్చే దడ, పిల్లల ఫోను మోగితే వచ్చే దడ ఎడమ వైపుకు వెళ్లాయి. కమ్మీ (పట్టుకునే రెయిలింగ్) లేని అంచు, రాత్రి హాలోజెన్ లైట్ల కింద స్లాబు పోత, జాకీల మధ్య నిద్ర కుడి వైపుకు. నేను జబ్బు లక్షణమని రాసుకున్న ఇసుక కుప్ప పక్క నిద్ర కూడా కుడి వైపే పడింది. ఎడమ వైపువి నా పని. కుడి వైపువి మాత్రలతో, మాటలతో తగ్గించకూడనివి.

ఆలందూరు

ఎత్తంటే ఉన్న భయంలో అయిపోయిన భాగాన్ని తగ్గించాలంటే నిజంగా భద్రంగా ఉన్న ఎత్తు కావాలి. ఆలందూరు మెట్రో స్టేషన్ ఎంచుకున్నాను. రెండు లైన్లు కలిసే చోటు, ప్లాట్‌ఫారాలు ఒకదాని మీద ఒకటి రెండు అంతస్తుల్లో ఉంటాయి. 2015లో చెన్నైలో మొదటి మెట్రో కోయంబేడు నుంచి ఇక్కడికే నడిచింది. ఆ స్తంభాలకు సెంట్రింగ్ కొట్టిన గుంపుల్లో తమ ఊరివాళ్లున్నారని అతనే చెప్పాడు. అతను గానీ ఆవిడ గానీ ఒక్కసారి కూడా ఎక్కలేదు.

జనవరి చివరి ఆదివారం ముగ్గురం వెళ్లాం. మొదటి అంతస్తులో పావుగంట. చెమట, దడ, తర్వాత తగ్గింది. పై ప్లాట్‌ఫారంలో కిందకి కనిపించే చోట రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు మాట్లాడలేదు. దాన్ని ఊపి చూశాడు, కిందకి వంగి ఎలా బిగించారో చూశాడు. పనివాడి చూపు అది.

"ఇక్కడ కమ్మీ ఉందండి" అన్నాడు. "అక్కడ నేదు. ఉంటే ఆడు పడేవోడు కాదు."

ఆరు నెలలుగా అతని కథలో ఒకే ఒక్క కారణం ఉంది, 'నానే తెచ్చినాను'. నీ తప్పు లేదు అని నేను ఎన్నిసార్లు చెప్పానో. తల ఊపేవాడు, నమ్మేవాడు కాదు. ఆ రోజు కమ్మీని చేత్తో పట్టుకున్నాక రెండో కారణం తనంతట తాను చెప్పాడు. భార్య అటు తిరిగి పట్టాల వైపు చూస్తూ ఉండిపోయింది. నేను అతన్ని చూస్తున్నాను కాబట్టి ఆవిడ ముఖం చూడలేదు.

సాక్షి సంతకం

ఫిబ్రవరిలో ఆ రెండు లక్షల సంగతి అడిగాను. కుర్రాడు పోయిన మూడో రోజున ఊళ్లో, మైల కూడా తీరకముందే, మేస్త్రీ రెండు లక్షలు తెచ్చి తల్లి చేత కాగితం మీద వేలిముద్ర వేయించాడు. ఇక ఎవరికీ ఏ బాధ్యతా లేదని ఆ కాగితంలో ఉంది. సాక్షిగా సంతకం పెట్టింది ఇతను. "ఆడి ఖరీదు నానే రాసిచ్చినానండి" అన్నాడు. ఏడుస్తూ చెప్పలేదు, నేల చూస్తూ చెప్పాడు.

దీనికి సైకాలజీ పుస్తకంలో చికిత్స వెతుక్కునే బదులు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. అక్కడ ఉచితంగా ఇచ్చిన లాయరు పది నిమిషాల్లో చెప్పిన మాటలు నా పది సెషన్ల కంటే ఎక్కువ పనిచేశాయి. ఆ రోజుకు అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ప్రకారం, పనిలో చనిపోయిన వ్యక్తి పరిహారాన్ని కార్మిక పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి. నేరుగా చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. కాంట్రాక్టరు కింద పనిచేసినా అసలు యజమానికీ బాధ్యత ఉంటుంది. రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెల జీతం 15,000 దాకా లెక్కలోకి తీసుకుంటారు, అందులో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 22 ఏళ్లకు ఆ అంకె 221.37. లాయరు కాలిక్యులేటర్ మీద 16 లక్షల 60 వేలు దాటిన మొత్తం చూపించారు. వితంతువైన తల్లికి అడిగే హక్కు ఉంది.

అతను అంకె వైపు చూడలేదు. "ఆ కాయితం సెల్లదా?" అని రెండుసార్లు అడిగాడు. చెల్లదని లాయరు రెండుసార్లూ చెప్పారు.

ఏప్రిల్‌లో అత్తగారి తరఫున దరఖాస్తు వేశారు. అదే లాయరు మేస్త్రీ పుస్తకం కూడా తెప్పించారు. 40,000 అడ్వాన్సు, 18,000 ఆసుపత్రి ఖర్చు పోను, ఊరికి పంపినవి, ఖర్చు డబ్బులు అన్నీ పోను లెక్క కడితే వీళ్ల అప్పు ఎప్పుడో తీరిపోయింది. మేస్త్రీయే 34,000 బాకీ. ఆ డబ్బు మూడు విడతల్లో వచ్చింది. ఆయనకూ పైనుంచి బిల్లు రాలేదని విన్నాను, నిజమే అయి ఉంటుంది. గుంపు మాత్రం వీళ్లను వదిలేసింది. చెన్నై బయట ఒరగడం అనే ఊరి వైపు ఇనుప చువ్వలు కోసి వంచే యార్డులో పని దొరికింది. నేల మీద పని, రోజుకు 750, వారం వారం చేతికి. ఎత్తు పనికి వచ్చే కూలి కన్నా తక్కువే. అతను ఆ తేడా తెలిసే ఒప్పుకున్నాడు.

మేలో పీసీఎల్ 24, పీహెచ్‌క్యూ 7. చప్పుడుకి ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. తాగుడు పూర్తిగా మానలేదు, జీతం వచ్చిన శనివారం తాగుతాడు. పిల్లల ఫోను ఎత్తుతున్నాడు.

ఆవిడ

ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది చివరికి రాస్తున్నాను. చనిపోయిన కుర్రాడు ఆవిడకు సొంత తమ్ముడు. కేక పెట్టింది ఆవిడ. నవంబరు నుంచి మార్చి దాకా, పద్నాలుగు సెషన్లు, ఆవిడ గుమ్మం దగ్గరో బల్ల చివరో కూర్చుంది. నేను ఆవిడని అడిగిన ప్రశ్నలన్నీ అతని గురించే. రాత్రి పడుకున్నాడా? ఎంత తాగాడు? మాత్ర వేసుకున్నాడా? అతని ప్రాణానికి ఆవిడని కాపలా పెట్టాను. తెల్లారుజామున నాలుగింటికి లేచి వండి, పగలంతా ఇసుక మోసి, రాత్రి నిద్ర మానుకుని మొగుడి ఊపిరి లెక్కపెట్టే పని నేనే అప్పగించాను.

మార్చిలో ఒక ఆదివారం అతను టీ తేవడానికి వెళ్లినప్పుడు ఆవిడ అడిగింది. "మేడం గోరూ, ఆ సప్పుడు ఆడోళ్లకి కూడా ఇనపడతాదా?"

అప్పుడు చూశాను ఆవిడ వైపు. ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. తమ్ముడు పడ్డ చోటికి నాలుగడుగుల దూరం నుంచి రోజూ ఇసుక ఎత్తింది, ఎందుకంటే కుప్ప అక్కడే పోస్తారు. ఆవిడను కింద పని నుంచి మార్చమని ఎవరూ అడగలేదు, ఆవిడ పైకెక్కలేనని అనలేదు కాబట్టి. పీసీఎల్ వేస్తే 47 వచ్చింది. భర్తకన్నా అయిదే తక్కువ. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఇద్దరం పడిపోతే ఎవులు సూత్తారండి" అంది.

ఆ రోజే ఆవిడ పేరు మీద వేరే ఫైలు తెరిచాను. ఆవిడ సెషన్లకు అతను రాడు. ఈ షరతు ఆవిడ పెట్టిందే. మొదటి మూడు సెషన్లలో తమ్ముడి చావు మాట రాలేదు, చిన్నప్పుడు వాడిని చంకనేసుకుని చెరువు గట్టు మీద తిరిగిన సంగతులే చెప్పింది. నేను ఆపలేదు.

2024 జులైలో సంవత్సరీకానికి ఇద్దరూ ఊరెళ్లారు. తల్లి ఎదుట నిలబడి కాగితం సంగతి, దరఖాస్తు సంగతి ఎవరు చెప్పాలన్నది రెండు వారాలు మాట్లాడుకున్నాం. తానే చెప్తానని అతను అన్నాడు. ఊరి నుంచి ఆవిడ ఫోను చేసింది. "అమ్మకి నానే సెప్పినాను మేడం గోరూ. మావని నోరెత్తనివ్వలేదు. ఆయన సంతకం ఎట్టినాడు గానీ, ఆ యేల నాను పక్కనే ఉన్నాను, నానూ ఆపలేదు. అదీ సెప్పినాను." తల్లి ఏమందని అడిగాను. "ఏటీ అన్నేదు. అన్నం ఎట్టింది."

పరిహారం విచారణ ఇంకా నడుస్తోంది. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఇప్పుడది ఆవిడ చేతిలో ఉంటుంది.